ఓటీపీ అడగకుండానే కార్డు చెల్లింపు జరిగిపోయింది: ఈ ధ్రువీకరణ పద్ధతులను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. గత వారం మా నాన్నగారి కార్డుతో ఆయన కోసం ఒక వెబ్‌సైటులో చందా కట్టాను. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకవైపు ఉండే మూడంకెల సీవీవీ నింపి బటన్ నొక్కగానే, ఓటీపీ ఏదీ రాకుండానే చెల్లింపు పూర్తయింది. అదే కార్డుతో మరో సైటులో కొన్నప్పుడు ఓటీపీ వచ్చింది. దుకాణంలో యంత్రానికి తాకిస్తే చిన్న మొత్తానికి పిన్ అడగలేదు, పెద్ద మొత్తానికి అడిగింది. ఒకే కార్డుకు ఇన్ని రకాల తనిఖీలు ఎందుకు? వీటిలో నిజంగా రక్షణ ఇచ్చేది ఏది, పేరుకు మాత్రమే ఉన్నది ఏది? నాన్నగారు కార్డు వాడకం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. ఆయనకు తప్పుగా చెప్పకూడదని అడుగుతున్నాను.

జవాబు 1

మంచి ప్రశ్న అడిగారు. అన్ని తనిఖీలూ ఒకే పని చేస్తాయనుకోవడం వల్లనే ఈ అయోమయం వస్తుంది. కార్డు అసలైనదేనా అన్నది చిప్ తేలుస్తుంది. దాన్ని పట్టుకున్నది యజమానేనా అన్నది పిన్ తేలుస్తుంది. సీవీవీ వల్ల తెలిసేది, అంకెలు నింపుతున్న మనిషికి కార్డు మీద అచ్చయిన వివరాలు ఎలాగో చేరాయని మాత్రమే.

కార్డు వెనక నల్లగా ఉండే పాత అయస్కాంత పట్టీలోని సమాచారం ఎప్పటికీ మారదు కాబట్టి, స్కిమ్మర్‌తో (పట్టీలోని సమాచారాన్ని దొంగచాటుగా చదివే పరికరంతో) ఒక్కసారి చదివితే దాన్ని మరో ఖాళీ కార్డు మీదికి ఎక్కించేయవచ్చు. యూరోపే, మాస్టర్‌కార్డ్, వీసా సంస్థలు 1990లలో కలిసి రూపొందించిన ఈఎంవీ చిప్ అలా కాదు. బయటికి రాని రహస్య తాళంతో ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతాన్ని లెక్కగట్టి ఇస్తుంది కనుక, నిన్నటి సంకేతాన్ని ఎవరైనా దొంగిలించినా ఇవాళ అది చెల్లదు. అందువల్ల యంత్రం దగ్గర "చిప్ పనిచేయడం లేదు, గీకుదాం" అని ఎవరైనా అంటే నాన్నగారిని వద్దనమనండి. పట్టీ ఉన్నంతకాలం ఆ పాత దారి తెరిచే ఉంటుంది. మాస్టర్‌కార్డ్ తన కార్డుల మీద 2033 నాటికి పట్టీ అసలు లేకుండా చేస్తామని 2021లోనే ప్రకటించింది.

సీవీవీ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కార్డు వెనక అచ్చువేసిన మూడంకెలు పట్టీలో ఉండవు, అక్కడ వేరే విలువ ఉంటుంది. పట్టీని కాపీ చేసినవాడికి ఆన్‌లైన్‌లో కొనడానికి కావలసిన అంకెలు దొరకకూడదన్నదే దాని ఉద్దేశం. లావాదేవీకి అనుమతి వచ్చాక వ్యాపారులు వాటిని దాచుకోకూడదని కార్డు సమాచార భద్రతకు కార్డు సంస్థలు పెట్టుకున్న పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం నిషేధిస్తోంది కూడా. అయితే మూడంకెలకు ఉన్న అవకాశాలు వెయ్యే. ఊహించిన అంకెలను ఒకే సైటులో కాకుండా ఎన్నో సైట్లలో కొన్నికొన్నిగా ప్రయత్నిస్తే సెకన్లలోనే దొరికిపోతాయని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. వారి పరీక్షలో మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్ ఆ ప్రయత్నాలను పసిగట్టింది, వీసా నెట్‌వర్క్ పసిగట్టలేదు.

జవాబు 2

తాకించి చెల్లించడం గురించి మాత్రం రాస్తాను. పిన్ అడగకపోయినా అక్కడ కూడా చిప్ కొత్త సంకేతాన్నే ఇస్తుంది కనుక కార్డును నకలు చేయడం కుదరదు. కార్డు పోగొట్టుకుంటే, ఆపించే లోపు దొరికినవారు చిన్న మొత్తాలు వాడుకోగలరు. ఉన్న ప్రమాదం ప్రధానంగా అదే. జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2020లో రెండు ఫోన్ల సాయంతో, వీసా కార్డులపై పెద్ద మొత్తానికి కూడా పిన్ అడగకుండా చేయవచ్చని నిరూపించిన మాట నిజమే, కానీ అందుకు కార్డు దగ్గరికి ఒక ఫోనును చేర్చక తప్పదు. ఫోనులో కార్డును నమోదు చేసి వేలిముద్రతో చెల్లించడం నా దృష్టిలో ఇంకా మేలు, ఎందుకంటే దుకాణానికి అసలు కార్డు నంబరు చేరదు, దాని బదులు ఒక టోకెన్, అంటే ఆ నంబరు స్థానంలో వాడే వేరే అంకెల వరుస, చేరుతుంది.

జవాబు 3

నేను కొన్నేళ్లు కార్డు ఫిర్యాదులు వినే విభాగంలో పనిచేశాను. మీకు ఓటీపీ ఎందుకు రాలేదంటే, రెండు కారణాల్లో ఒకటి అయి ఉండవచ్చు. ఆ వ్యాపారి త్రీడీ సెక్యూర్ (ఆన్‌లైన్‌లో కొంటున్నది యజమానేనా అని కార్డు ఇచ్చిన బ్యాంకు తనిఖీ చేసే పద్ధతి) వాడకపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు మోసం జరిగితే నష్టం సాధారణంగా వ్యాపారి మీద పడుతుంది. లేదా కొత్త త్రీడీ సెక్యూర్‌లో పరికరం, మొత్తం వంటి వివరాలు చూసి, ప్రమాదం తక్కువగా ఉందనుకుంటే కార్డు జారీచేసిన బ్యాంకే ఓటీపీ అడగకుండా వదిలేస్తుంది. ఓటీపీ రాలేదంటే తనిఖీ జరగలేదనే అర్థం కాదు.

ఇక ఓటీపీని గురించి. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సాంకేతిక లోపాలు కావు. ఒక పెద్దాయన వచ్చి సందేశాన్ని నాకు చూపించారు. మొదటి వరుసలో మొత్తం, రెండో వరుసలో వ్యాపారి పేరు, ఆ తర్వాత "ఎవరికీ చెప్పవద్దు" అన్న హెచ్చరిక, చివర ఆరంకెలు ఉన్నాయి. ఫోనులో మాట్లాడినవాడు "మీ సొమ్ము తిరిగి వేయడానికి" అని చెప్పడంతో, ఆయన పైన రాసినదేదీ చూడకుండా నేరుగా అంకెల దగ్గరికి వెళ్లి చదివేశారు. ఆ మొదటి వరుస చూపించి చదవమన్నప్పుడు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. తప్పు పూర్తిగా ఆయనదని నేను ఎప్పుడూ అనను. అంకెలు చేరితే చాలు, ఎవరు నింపినా ఒప్పుకునేలా ఆ పద్ధతిని తయారుచేశారు. ఎస్ఎంఎస్‌కు సిమ్ మార్పిడి బెడద, అంటే మోసగాడు మీ నంబరును తన సిమ్‌కు మార్పించుకుని సందేశాలు తనకే వచ్చేలా చేసుకునే ప్రమాదం, కూడా ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్టీ 2017లోనే ఎస్ఎంఎస్‌ను పరిమితులతో మాత్రమే వాడదగిన పద్ధతుల్లో చేర్చింది. మొత్తం, వ్యాపారి పేరు తెర మీద చూపించి, ఫోనులోనే అనుమతి అడిగే బ్యాంకు యాప్ ఉంటే దాన్నే ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

వివరంగా రాసినందుకు మీకందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం నాన్నగారి యాప్‌లో ఆన్‌లైన్ వాడకానికి పరిమితి తగ్గించి, ప్రతి లావాదేవీకీ సందేశం వచ్చేలా పెట్టాను. పాత ఓటీపీ సందేశం ఒకటి తెరిచి, అంకెలను వేలితో మూసి, పైనున్నదంతా ఆయన చేత బయటికి చదివించాను. రెండోసారి నేను చెప్పకముందే ఆయనే వేలితో మూసుకుని చదివారు.