స్టాఫ్‌రూమ్‌లో కంప్యూటర్ నేర్పడం: రెండు గంటలు చూపించినా ఎవరూ ముట్టుకోవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: గుంటూరు, కంప్యూటర్ టీచర్

అందరికీ నమస్కారం. మాది గుంటూరులో ఒక ఎయిడెడ్ హైస్కూలు. టీచర్లం ఇరవై ఇద్దరం, తొమ్మిది మంది యాభై దాటినవాళ్లే. ఈ ఏడాది నుంచి మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించాలని, క్లాసులో డిజిటల్ ప్యానెల్ (బోర్డులా గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్) వాడాలని మా హెచ్ఎం గారు చెప్పి, నేర్పే పని నాకు అప్పజెప్పారు. మొన్న శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ప్రొజెక్టర్ పెట్టి మొత్తం చూపించాను. అందరూ శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు. సోమవారం నుంచి మళ్లీ మామూలే. "బాబూ, ఇవి కాస్త నువ్వే ఎక్కించు" అంటూ మార్కుల కాగితాలు నా టేబుల్ మీద పెట్టి వెళ్తున్నారు.

మా తెలుగు మేడం నాకు ఏడో తరగతిలో పాఠం చెప్పినావిడ. ఆవిడకి కాదని ఎలా చెప్పను? నిన్న ఆవిడ ప్యానెల్ దాకా వేలు తీసుకెళ్లి, ఆగి, వెనక్కి తీసుకుని చాక్‌పీస్ అందుకున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మనసు చివుక్కుమంది. లోపం నేను నేర్పిన తీరులోనే ఉందనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు దారి చెప్పండి.

జవాబు: విజయవాడ, పటమట, రిటైరైన లెక్కల మాష్టారు

బాబూ, మేమంతా చిన్నప్పుడు బందరు కాలవలో ఈత నేర్చుకున్నవాళ్లం. మా బాబాయి గట్టు మీద నిలబడి చేతులాడించి చూపిస్తే ఒక్కడికీ రాలేదు. నీళ్లలోకి దిగి పొట్ట కింద చెయ్యి పెట్టాక వచ్చింది. నువ్వు శనివారం చేసింది గట్టు మీది పాఠం. నేనూ సర్వీసులో అలాంటి శిక్షణలకు చాలా వెళ్లాను, ఒక్కటీ చేతికి రాలేదు.

ముందు ఇరవై ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టడం మానెయ్యి. లీజర్ పీరియడ్‌లో ముగ్గురేసి, ఇరవై నిమిషాలు చాలు. మౌస్ నువ్వు పట్టుకోవద్దు. చేతులు వెనక్కి కట్టుకుని పక్కన కూర్చో. "పైన ఎడమ పక్క చూడండి, సేవ్ అని ఉంది కదా" అని నోటితోనే చెప్పు. వాళ్లు వెతికేటప్పుడు నీకు చెయ్యి దురద పెడుతుంది, ఓర్చుకో. అక్కడే నేర్చుకుంటారు.

రెండోది, ఆ వారం వాళ్లు నిజంగా చేయాల్సిన పనే పెట్టు. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) మార్కులు ఇవ్వాల్సిన వారమైతే ఆ మార్కులే, వాళ్ల సెక్షన్‌వే. ఉత్తుత్తి పేర్లతో ప్రాక్టీసు చేయిస్తే ఇంటికి వెళ్లేసరికి మర్చిపోతారు.

మీ తెలుగు మేడం భయం నాకు అర్థమైంది. ఇంత ఖరీదైన వస్తువు తన చేతిలో పాడవుతుందేమో, నలభై మంది పిల్లల ముందు తెలియనిదాన్నవుతానేమో అని ఆ రెండే. సాయంత్రం బడి వదిలాక ఆవిడని ఒక్కరినే తీసుకెళ్లి ప్యానెల్‌లో రాసుకునే వైట్‌బోర్డ్ యాప్ తెరిచి, వేలితో ఒక పద్యపాదం రాయమను. చెరపమను. మళ్లీ రాయమను. వేలు తగిలితే పాడవదని, మామూలు మార్కర్ పెన్ను మాత్రం ఆ అద్దం మీద పెట్టకూడదని, తుడవాలంటే ఆఫ్ చేసి పొడి మెత్తటి గుడ్డతో తుడవాలని చెప్పు. ఎక్కడ ఇరుక్కున్నా హోమ్ బటన్ నొక్కితే మొదటికొస్తుందన్న ధైర్యం ముందు ఇవ్వాలి.

హెచ్ఎం గారిని టైము అడగడానికి మొహమాటపడకు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. శనివారం భోజనాల తర్వాత నిద్ర ముంచుకొచ్చే వేళ కాదు, టైంటేబుల్లోనే పీరియడ్ ఇమ్మని అడుగు.

జవాబు: విజయవాడ, సత్యనారాయణపురం, స్కూలు ఆఫీసు క్లర్కు

మాష్టారు గారు చెప్పింది నిజం. ఎక్సెల్‌లో కొత్తవాళ్లు ఆగిపోయేవి రెండు చోట్లే కనిపించాయి నాకు, వాటిని ముందే చెప్పేయండి.

ఆధార్ నంబరు కొట్టగానే మధ్యలో చుక్క, చివర ఈ ప్లస్ 11 అని మారిపోతుంది. 12 అంకెలు వచ్చేసరికి ఎక్సెల్ దాన్ని కుదించి చూపిస్తుంది. పాపం, తామే ఏదో చెడగొట్టామనుకుని కంప్యూటర్ ఆపేస్తారు. ఆ కాలమ్ మొత్తాన్ని కొట్టడానికి ముందే టెక్స్ట్‌గా మార్చాలి. బ్యాంకు ఖాతా నంబర్లకీ ఇది తప్పనిసరి. 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి, తర్వాత టెక్స్ట్ చేసినా తిరిగి రావు.

రెండోది ఆబ్సెంట్. మార్కుల గడిలో ఏబీ అని కొట్టి, గడులను ప్లస్ గుర్తుతో కూడితే తప్పు చూపిస్తుంది. సమ్ ఫార్ములా అయితే అక్షరాలను వదిలేసి అంకెలే కూడుతుంది. సమ్ ఒక్కటే నేర్పండి.

జవాబు: గుంటూరు, బ్రాడీపేట, తెలుగు పండితురాలు

నాయనా, మీ మేడం స్థానంలో ఉన్నదాన్ని నేను. యాభై నాలుగో ఏట నేర్చుకున్నాను. మా తెలుగు టీచర్ల కష్టం ఒకటి మీకు ఎవరూ చెప్పరు. మా దగ్గరున్న పాత ప్రశ్నపత్రాలన్నీ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించినవి. ఆ ఫైలు బడి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే పద్ధతి) కావు కనక ఆ ఫాంటు లేని చోట అంతే. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులూ అరసున్నాలూ అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఆ సరిచూడటం మీ మేడం మీకన్నా బాగా చేస్తారు, ఆ పని ఆవిడకే ఇవ్వండి. జిరాక్సుకు ఇచ్చేముందు మాత్రం పీడీఎఫ్ చేయించండి.

టైపింగు కూడా మొదట నేర్పకండి. ఫోన్లో జీబోర్డు పెట్టి, తెలుగు ఎంచి, మైకు నొక్కి మాట్లాడమనండి. నేను మొదటిసారి "ఉత్పలమాల లక్షణాలు రాయండి" అన్నాను. అక్షరాలు వాటంతట అవే పరుచుకుంటూ వచ్చాయి. ఆ రోజు ఇంటికి వెళ్లి మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా (ప్రభుత్వ పాఠాల యాప్)తో స్కాన్ చేయడం కూడా తేలికే. అయితే వీడియో ముందురోజే ఇంట్లో చూసి డౌన్‌లోడ్ చేసుకోవాలి. క్లాసులో నెట్ రాక తిరుగుతూ ఉంటే పిల్లల గోల ఆపలేం.

జవాబు: విజయవాడ, మొగల్రాజపురం, ఇంగ్లీష్ టీచర్

ఒక మాట గట్టిగా చెప్పాలి. అందరి పాస్‌వర్డులూ ఒక పుస్తకంలో రాసుకుని మీరే లాగిన్ అయి పని చేసిపెట్టే అలవాటు ఉంటే ఇప్పుడే ఆపండి. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పేయడం టీచర్లకు అలా అలవాటవుతోంది. మా సహోద్యోగి ఒకరు అలా డబ్బు పోగొట్టుకున్నారు. మోసం జరిగిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నది కూడా మీ శిక్షణలో చేర్చండి.

మళ్లీ గుంటూరు నుంచి, మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. హెచ్ఎం గారు బుధ, శుక్రవారాల్లో ఒక్కో పీరియడ్ ఇచ్చారు. ముగ్గురేసి వస్తున్నారు. చేతులు వెనక్కి కట్టుకోవడం నాకు నిజంగా కష్టమైంది. మా సోషల్ మాష్టారు సేవ్ బటన్ వెతకడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నారు, ఆగాను. మర్నాడు ఆయనే పీఈటీ సారుకి చూపిస్తున్నారు.

పన్నెండు మంది సొంతంగా మార్కులు ఎక్కించారు. ముగ్గురు ఇంకా కాగితాలు నాకే ఇస్తున్నారు. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేతే కొట్టిస్తున్నాను.

మేడంతో ఆ సాయంత్రం ప్యానెల్ దగ్గరికి వెళ్లాను. వైట్‌బోర్డ్ మీద వేమన పద్యం రాశారు. మొదటి పాదం వంకరగా వచ్చిందని చెరిపి, మళ్లీ రాశారు. నాలుగో పాదానికి అక్షరాలు కుదురుకున్నాయి. నిన్న ఏడో తరగతి కిటికీ పక్కనుంచి వెళ్తుంటే ప్యానెల్ మీద గురువులూ లఘువులూ ఎర్ర రంగులో, నీలం రంగులో కనిపించాయి. పండితురాలు గారూ, పాత ప్రశ్నపత్రాలు మార్చడం వచ్చే బుధవారం మొదలుపెడుతున్నాం. మీరు వాడిన కన్వర్టర్ ఏదో చెప్పగలరా?