500 హార్స్‌పవర్ కారుతో మొదటిసారి డ్రాగ్ స్ట్రిప్‌కి: ఉన్న టైర్లు చాలా, డ్రాగ్ రేడియల్స్ వేయాలా?

కొత్తగేర్
నా కారు వీ8, ఆటోమేటిక్, పవర్ వెనక చక్రాలకే. 500 హార్స్‌పవర్, నాతో కలిపి సుమారు 1,814 కిలోలు. వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఇంజిన్, గేర్‌బాక్స్ అన్నీ కంపెనీ ఇచ్చినవే. 20 అంగుళాల వీల్స్, మంచి ట్రెడ్ ఉన్న సమ్మర్ టైర్లు. క్వార్టర్ మైల్ (సుమారు 400 మీటర్ల నేరు పరుగు) టెస్ట్ డేకి వెళ్దామనుకుంటున్నా, ఇదివరకు స్ట్రిప్ మీద నడపలేదు. డ్రాగ్ రేడియల్స్ (ఈ పరుగుల కోసం చేసిన, పట్టు ఎక్కువున్న మెత్తటి టైర్లు) లేకుండా వెళ్తే దండగ అని కొందరు, ఉన్నవాటితోనే వెళ్లమని కొందరు అంటున్నారు. ఏది మంచిదో కారణంతో సహా చెప్పండి.

డిఫ్‌లాక్
ఉన్నవాటితోనే వెళ్లండి. నేను డ్రైవ్‌లైన్ గురించి ఆలోచించి చెబుతున్నా. మామూలు టైరు ఒక హద్దు దాటాక జారుతుంది. హాఫ్ షాఫ్టులకీ (చక్రాలకు పవర్ చేర్చే ఇరుసులు), డిఫరెన్షియల్‌కీ (రెండు చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె, డిఫ్ అంటాం) ఆ జారుడే ఫ్యూజు. జారని టైరు వేస్తే ఆ భారం వెళ్లి తర్వాతి బలహీనమైన భాగం మీద పడుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న కార్లకు వీల్ హాప్ జబ్బు ఎక్కువ. టైరు పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటూ వెనక భాగం దడదడలాడుతుంది. షాఫ్టులు ఎక్కువగా విరిగేది ఆ దడదడలోనే. అది మొదలైతే వెంటనే కాలు తీసేయాలి. తొక్కి దాటించేద్దాం అనుకోవద్దు.

టైర్ల సంగతికొస్తే వెనక గాలి వేడి మీద 28 పీఎస్‌ఐ దగ్గర పెట్టండి. ఈ టైర్లకు అంతకంటే బాగా తగ్గిస్తే ట్రెడ్ మధ్యభాగం పైకి లేచి పట్టు పోతుంది. ముందు టైర్లకు కంపెనీ చెప్పినదే ఉంచండి. నీళ్ల పెట్టెలోకి (లైన్‌కి ముందు టైర్లు తడిపే చోటు) దిగకండి, పక్కనుంచి తిరిగి రండి. ట్రెడ్ గాడులు నీళ్లు పట్టుకుంటాయి, ఫెండర్ లోపలికి చిమ్మినవి స్టార్టింగ్ లైన్ మీద చుక్కలు చుక్కలుగా కారతాయి. మీ వెనక వచ్చేవాడూ ఆ తడి మీదే నిలబడాలి. పొడి నేల మీద ఒకట్రెండు సెకన్లు తిప్పితే రాళ్లూ మట్టీ రాలిపోతాయి, అది చాలు. ఎక్కువసేపు కాలిస్తే సమ్మర్ టైరు వేడెక్కి జిడ్డుగా జారుతుంది.

అరవైఅడుగులు
పూర్తిగా విభేదిస్తున్నా. ముందు లెక్క చూద్దాం. 1,814 కిలోలంటే 4,000 పౌండ్లు. 500తో భాగిస్తే 8, దాని ఘనమూలం 2. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం 5.825ని 2తో గుణిస్తే 11.65 సెకన్లు. వేగానికి 234ని 2తో భాగిస్తే గంటకు 117 మైళ్లు, అంటే సుమారు 188 కిలోమీటర్లు. ఈ కారు సత్తా అది.

సమ్మర్ టైర్ల మీద మొదటి 60 అడుగులకు 2.1, 2.2 సెకన్లు పడుతుంది. మంచి రేడియల్స్ మీద 1.7 దగ్గరకు రావచ్చు. అక్కడ ఆదా అయ్యే ప్రతి పదో వంతు సెకను చివరికొచ్చేసరికి సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. ట్రాప్ వేగం (చివరి గీత దగ్గర కొలిచేది) మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంటే పవర్ ఉంది, నేలకు చేరడం లేదు. అలాంటి కారుతో రోజంతా టైర్లు తిప్పుకుంటూ కూర్చుంటే ఏం నేర్చుకుంటారు?

ఇక కంపెనీలే రేడియల్స్ ఇస్తున్నాయి కదా. 2018 డాడ్జ్ డీమన్ షోరూమ్ నుంచే డ్రాగ్ రేడియల్స్ మీద వచ్చింది. 9.65 సెకన్ల కారు అది.

డిఫ్‌లాక్
ఆ డీమన్‌తో పాటు ఇంకేం ఇచ్చారో కూడా చెప్పండి. వేడి చికిత్స చేసిన, 41 స్ప్లైన్ల (చివర పళ్లు) హాఫ్ షాఫ్టులు ఇచ్చారు. టైరు తగిలించి వదిలేయలేదు, దాని వెనక గొలుసంతా బలపరిచారు. కొత్తగేర్ గారి కారుకు మీరు ఆ సగమే ఇస్తున్నారు.

ఆల్‌వీల్
20 అంగుళాల వీల్ మీద రేడియల్ వేసినా పెద్దగా లాభం లేదు. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) పొట్టిగా ఉంటే టైరు నలగదు, నలగకపోతే పట్టు రాదు. 17 లేదా 18 వీల్ కావాలి. అది బ్రేక్ కాలిపర్‌కు తగలకుండా పడుతుందో లేదో ముందు చూసుకోండి.

అరవైఅడుగులు
ఆల్‌వీల్ గారు, ఒప్పుకుంటా. 18 వీల్స్‌తో కలిపే మాట్లాడుతున్నా.

డిఫ్‌లాక్ గారు, ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ద్రవం ద్వారా పవర్ పంపేది) ఆ దెబ్బని మెత్తబరుస్తుంది. మాన్యువల్‌లో 5,000 ఆర్‌పీఎమ్ దగ్గర క్లచ్ వదిలితే ఫ్లైవీల్ జడత్వమంతా ఒక్కసారిగా షాఫ్టు మీద పడుతుంది. షాఫ్టులు విరిగేది అలాంటి చోట. ఇక్కడ బ్రేక్ మీద 1,500 దగ్గర పట్టుకుని వదిలితే అంత ఘోరం జరగదు. రేడియల్స్‌లో 20 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోవచ్చు.

డిఫ్‌లాక్
28 చెప్పింది మామూలు టైరుకి. మీరు 20 అంటే చదివేవాళ్లు సమ్మర్ టైరులోనూ 20 పెడతారు.

అరవైఅడుగులు
“రేడియల్స్‌లో” అనే రాశాను. చదివి జవాబివ్వండి.

డిఫ్‌లాక్
చదివాను. ఇలాంటి చోట కొత్తవాళ్లు అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. అంకె పక్కనే టైరు పేరు రాయాలంటున్నా.

ఎల్లోబల్బ్
గాలి గొడవ ఆపి అసలు సంగతులు చెప్పండి. హెల్మెట్ ఎవరూ ఎత్తలేదు.

స్టార్ట్‌లైన్
నేను చెబుతా. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్ బుక్కునే చాలా స్ట్రిప్‌లు పాటిస్తాయి. 13.99 సెకన్లు, అంతకంటే తక్కువలో వెళ్తే స్నెల్ లేదా ఎస్‌ఎఫ్‌ఐ (భద్రతా ప్రమాణాల సంస్థలు) ముద్ర ఉన్న హెల్మెట్ తప్పదు. కన్వర్టిబుల్ అయితే 13.49 నుంచే రోల్ బార్ (కారు బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే ఉక్కు చట్రం) ఉండాలి. మామూలు కార్లకు ఆ హద్దు 11.49. ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉన్న కొత్త మోడళ్లకు సడలింపు ఉంది కానీ ఏ మోడల్‌కి ఎంతో గేటు దగ్గర అడిగి తెలుసుకోండి. 11.65 లెక్క వచ్చిన కారు ఒక చల్లని సాయంత్రం ఆ హద్దు తాకగలదు. దాటితే ఇంటికి పంపేస్తారు.

నిండు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు. డిక్కీ ఖాళీ చేయండి, డ్రైవర్ వైపు నేల మీద మ్యాట్ తీసేయండి, అది పెడల్ కిందకి జరుగుతుంది. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించండి. బ్యాటరీ కదలకూడదు. ఏసీ లైన్‌లోకి రాకముందే ఆపేయండి, దాని నీళ్లు కూడా ట్రాక్ మీదే పడతాయి. అద్దాలు పైకి. ట్యాంకు పావు వంతుకు కాస్త పైన ఉంటే చాలు.

స్టేజింగ్‌లో (కారుని స్టార్టింగ్ లైన్ మీదకి తెచ్చి నిలపడంలో) తొందర వద్దు. ప్రీ-స్టేజ్ బల్బు వెలిగాక ఆగండి. పక్కవాడూ వెలిగించాక అంగుళాల లెక్కన జరిగితే స్టేజ్ బల్బు వెలుగుతుంది. ఆ తర్వాత మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో వస్తాయి, మరో అర సెకనుకి పచ్చ. మీ టైరు స్టార్టింగ్ లైన్ మీది కాంతి కిరణం దాటాకే గడియారం మొదలవుతుంది. అందుకని పచ్చ పడ్డాక నిదానంగా కదిలినా మీ ఈటీ (పరుగుకి పట్టిన సమయం) పాడవదు, రియాక్షన్ టైమ్ వేరే లెక్క. మొదటి రోజు ఎర్ర దీపం (పచ్చకి ముందే కదిలితే వెలిగేది) గురించి బెంగ పెట్టుకోకండి.

ఆల్‌వీల్
ట్రాక్షన్ కంట్రోల్?

డిఫ్‌లాక్
ట్రాక్షన్ ఆపండి, స్టెబిలిటీ ఉంచండి. చాలా కార్లలో ఈ రెండూ వేర్వేరు. బటన్ ఒకసారి నొక్కితే ఒకటి, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే రెండూ పోతాయి. బర్నౌట్ (లైన్‌కి ముందు టైర్లు తిప్పడం) కోసం రెండూ ఆపి, ప్రీ-స్టేజ్‌కి వచ్చేలోపు స్టెబిలిటీ మళ్లీ ఆన్ చేశారో లేదో డాష్‌బోర్డులో చూసుకోండి. జనం మర్చిపోయేది ఇదే.

అరవైఅడుగులు
ఇక్కడే మీ మాటకి మీరే అడ్డం వస్తున్నారు. జారే టైరు ఇచ్చి, ట్రాక్షన్ ఆపమంటున్నారు. 500 హార్స్‌పవర్! తోక ఊగితే పక్కనే గోడ. ఉన్న టైర్లే చాలని ఒక వర్క్‌షాప్ వాళ్లు చెప్పి పంపిన కారు నా లేన్‌లోకి అడ్డంగా వచ్చింది. మీరు షాఫ్టు కాపాడుతున్నారు, మనిషిని కాదు.

డిఫ్‌లాక్
ఆ మాట వెనక్కి తీసుకోండి. రేడియల్స్ మీద వచ్చిన ఒక కారు డిఫ్ పగిలి లేన్ పొడవునా నూనె పోసింది. కడిగేసరికి సాయంత్రమైంది, మా వరుసకి వంతే రాలేదు. ఆ నూనె మీదకి వెనకవాడు వచ్చి ఉంటే ఏమయ్యేది? అక్కడ మనిషి లేడా? మీకు స్లిప్ (పరుగు సమయాలు ముద్రించిన చీటీ) మీద అంకె కావాలి, అందుకని కొత్తవాళ్ల చేత కొనిపిస్తున్నారు.

అరవైఅడుగులు
నేను టైర్లు అమ్మను. అంకె కోసం మాట్లాడితే సెమీ-స్లిక్‌లు (గాడులు దాదాపు లేని రేస్ టైర్లు) ఎక్కించి గాలి ఇంకా తగ్గించమనేవాడిని. మీరు భయపెట్టి జనాన్ని సగం పెడల్‌తో నడిపిస్తున్నారు.

స్టార్ట్‌లైన్
ఇద్దరూ కాస్త తగ్గండి. రెండు కార్లకీ జరిగినదేమిటో వేరే చూడాలి. డిఫ్ పగిలినవాడు చప్పుడు విన్నాక కూడా నడిపాడు కాబట్టే నూనె లేన్ పొడవునా పడింది. ఏదైనా విరిగినట్టు అనిపించగానే మీ లేన్ గోడ పక్కకి తీసి ఆపేయాలి. కారు నెట్టుకుంటూ గేటు దాకా పోనివ్వకూడదు.

డిఫ్‌లాక్
నేననేదీ అదే. అడ్డంగా వచ్చిన కారు కూడా టైరు వల్ల రాలేదు. జారుతోందని తెలిసీ కాలు తీయలేదు కాబట్టి వచ్చింది.

అరవైఅడుగులు
నేనూ అదే అంటున్నా కదా! కొత్తవాడు తీయడు. పక్కన కారు ఉంది, ఎదురుగా చివరి గీత ఉంది, అందరూ చూస్తున్నారు. కాలు తీయాలన్న ఆలోచనే రాదు. అందుకే జారని టైరు ముందే ఇవ్వాలంటున్నా.

డిఫ్‌లాక్
ఇప్పటికి దొరికింది మన తేడా. తీయడని మీరు ఒప్పేసుకుని దానికి తగ్గ టైరు ఇస్తున్నారు. తీయడం రాకపోతే ఆ మనిషి ఇంకా పూర్తి పరుగు తీయకూడదని నేనంటున్నా. జారే టైరు 30 కిలోమీటర్ల వేగంలోనే జారి చెబుతుంది. అక్కడ తప్పు చేసినా గోడ దాకా పోయేంత వేగం ఉండదు. మీ రేడియల్ లైన్ దగ్గర పట్టుకుంటుంది, బాగానే ఉంటుంది. కానీ ట్రాక్షన్ కాంపౌండ్ (ట్రాక్ మీద చల్లే జిగురు), రబ్బరు దట్టంగా ఉండేది మొదటి కొన్ని వందల అడుగుల్లోనే. టెస్ట్ డేల్లో దిగువన ఇంకా పల్చన. గేరు మారే చోట, 130 దాటాక అది వదిలిందనుకోండి. కాలు తీయడం ఒక్కసారి కూడా చేయని మనిషి ఆ వేగంలో మొదటిసారి ఎలా చేస్తాడు?

అరవైఅడుగులు
దిగువన జారడం రెండు టైర్లకూ ఉంటుంది. రేడియల్‌కి అక్కడ కూడా ఎక్కువ పట్టే ఉంటుంది, తక్కువ కాదు. జారే సందర్భాలే తగ్గుతాయి.

డిఫ్‌లాక్
తగ్గుతాయి. వచ్చినప్పుడు మాత్రం పెద్దగా వస్తాయి.

అరవైఅడుగులు
దీని మీద మీరు నన్ను ఒప్పించలేరు. తక్కువసార్లు జారడమే మంచిది.

ఎల్లోబల్బ్
కాలు తీయడమంటే మొత్తం ఒక్కసారిగా తీసేయమనా? పవర్ ఒక్కసారిగా పోతే బరువు ముందుకొచ్చి తోక ఇంకా తేలికవుతుంది కదా.

డిఫ్‌లాక్
మంచి ప్రశ్న. కారు నిటారుగా ఉండి టైర్లు తిరుగుతుంటే పెడల్ సగానికి తగ్గించండి, పట్టు దొరుకుతుంది. తోక పక్కకి జరగడం మొదలైతే ఆ పరుగు అయిపోయినట్టే. సాఫీగా కాలు వెనక్కి తీయాలి, స్టీరింగ్ కొద్దిగా సరిదిద్దాలి, బ్రేక్ ముట్టుకోకూడదు. మళ్లీ పట్టు దొరికింది కదా అని తొక్కితే తోక రెండో వైపు కొడుతుంది. గోడలకి తగిలేవి ఆ రెండో ఊపులోనే. మధ్య గీత తాకినా పరుగు ముగించండి.

అరవైఅడుగులు
దీనితో ఏకీభవిస్తా. రేడియల్స్ మీదైనా ఇంతే.

కొత్తగేర్
అందరికీ ధన్యవాదాలు. మొదటి రోజుకి ఉన్న టైర్లే. తొలి పరుగు సగం ట్రాక్ దాకా, లైన్ దగ్గర ఐడిల్‌ నుంచి మెల్లగా తొక్కుతూ. ఆ స్లిప్‌లో 60 అడుగుల సమయం చూసి తర్వాతది. హెల్మెట్ కొంటున్నా. చివరి గీత దాటాక ఏ వైపు తిరగాలి?

స్టార్ట్‌లైన్
ఒక్కో స్ట్రిప్‌లో ఒక్కో పద్ధతి. వరుసలో నిలబడకముందే అడగండి. గీత దాటగానే బ్రేక్ గట్టిగా కొట్టకండి, నిటారుగా నిదానంగా తగ్గించండి. పక్క కారు ఎక్కడుందో కనబడేదాకా ఆ లేన్‌కి అడ్డంగా తిరగకండి. స్లిప్ మీద వేగం చివరి 66 అడుగుల సగటు, అందుకే గీత దాకా తొక్కిన పరుగుల్లోనే ఆ అంకెను పోల్చుకోవాలి. సగంలో వదిలిన పరుగుకి 60, 330, 660 అడుగుల సమయాలు చాలు.

అరవైఅడుగులు
ఐడిల్‌ నుంచి పోతే 60 అడుగులకి 2.3 వస్తుంది, దాన్ని చూసి కారు మీద నిరాశపడకండి. పరుగుల మధ్య బానెట్ తెరిచి చల్లబడనివ్వండి, గాలి ప్రతిసారీ కొలవండి. ఎండలో నిలబడితే ఒక వైపు టైరులో రెండు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది.

డిఫ్‌లాక్
28 వేడి మీద. సమ్మర్ టైరుకి.