పదో తరగతి పిల్లలకు బండి నేర్పడం తప్పా?

గోదారిగట్టు: మా అబ్బాయి పదో తరగతి. ఆదివారం హైస్కూల్ గ్రౌండులో టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ మీద నేర్పిస్తుంటే దారిన పోయే ఒకాయన ఆగి మరీ తిట్టాడు. నేను తొమ్మిదిలో ఉండగా మా నాన్న చేతక్ స్కూటర్ మీద నేర్చుకున్నాను. నూర్పిళ్లయ్యాక ఖాళీ కళ్లంలో తిప్పించేవాడు. ఎడమ చేత్తోనే క్లచ్ నొక్కి గేరు మార్చాలి, రాత్రికి మణికట్టు లాగేసేది. ఊళ్లో అందరం అలా నేర్చుకున్నవాళ్లమే. తప్పేంటి?

లెక్కలమాస్టారు: తప్పే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్సుకి 18 నిండాలి. 16కి ఇచ్చేది గేరు లేని, 50 సీసీ దాటని బండికే. 2019 సవరణ వచ్చాక మైనరు దొరికితే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

గోదారిగట్టు: ఎక్సెల్‌కి గేర్లెక్కడున్నాయండీ?

లెక్కలమాస్టారు: గేర్లు లేకపోతే సరా? ఎక్సెల్ 100 దాదాపు 100 సీసీ.

బుల్లెట్‌బాబు: పాత టీవీఎస్ 50 అయితే ఓకే

లెక్కలమాస్టారు: దానికైనా లైసెన్సు ఉండాలి.

గోదారిగట్టు: నేను రోడ్డెక్కించలేదు మహాప్రభో. గ్రౌండులో తిప్పుతుంటే సీసీల గొడవెందుకు?

లెక్కలమాస్టారు: చెయ్యి తిరిగాక ఏ పిల్లాడూ గ్రౌండులో ఆగడు. మా బళ్లో పదో తరగతి కుర్రాడు, లెక్కల్లో ఫస్టు, ఇద్దర్ని ఎక్కించుకుని ట్యూషన్‌కి పోతూ ఇసుక ట్రాక్టరు కింద పడ్డాడు. హెల్మెట్ లేదు. వాళ్ల నాన్నదీ ఇదే మాట, గ్రౌండులోనే నేర్పానని. ఆ పాడె నేనూ మోశాను.

గోదారిగట్టు: పోయిన పిల్లాణ్ని తెచ్చి నా కొడుకుతో పోలుస్తారా? మాట జాగ్రత్త.

సుజాత_ఖమ్మం: కాస్త ఆగండి ఇద్దరూ. మా అన్నయ్యకి తొమ్మిదిలోనే నేర్పారు. నేనడిగితే "కాలో చెయ్యో విరిగితే పెళ్లెవరు చేసుకుంటారు" అన్నారు. మా ఊరికి బస్సు పొద్దున ఒకటి, చీకటి పడ్డాక ఒకటి. అన్నయ్య దింపితేనే కాలేజీ. వాడు హైదరాబాద్ వెళ్లిపోయాక నా ఇంటర్ ఆగిపోయింది. గట్టు గారూ, మీకు అమ్మాయి కూడా ఉందని మొన్నటి పోస్టులో రాశారు. ఆమెకి నేర్పుతున్నారా?

గోదారిగట్టు: అది ఎనిమిదేనమ్మా. స్కూల్ ఆటో వస్తుంది.

సుజాత_ఖమ్మం: పది అయ్యాక?

లెక్కలమాస్టారు: సుజాత గారూ, దానికి మందు బండి కాదు, బస్సు. ఊరంతా సంతకాలు పెట్టి డిపోలో అర్జీ ఇవ్వాలి.

సుజాత_ఖమ్మం: మా నాన్న ఇచ్చాడు మాస్టారూ. బస్సు రాలేదు. చట్టం 18 అంటుంది, ఇంటర్ 16కే మొదలవుతుంది. ఆ రెండేళ్లు పల్లెటూరి ఆడపిల్ల ఎలా చదవాలి? దానికి మీ ఇద్దరూ జవాబు చెప్పలేదు.

పల్లెవెలుగు: 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్లు దాటని కరెంటు స్కూటీకి లైసెన్సు అక్కర్లేదు. మా చెల్లి దాని మీదే వెళ్తోంది.

లెక్కలమాస్టారు: హెల్మెట్ పెట్టించండి. ఎక్సెల్ మీద నా మాట మాత్రం మారదు.

గోదారిగట్టు: నాదీ మారదు. సుజాతమ్మా, మా అమ్మాయి సంగతి ఇంట్లో మాట్లాడతాను.