సిగ్ తుపాకుల చరిత్ర తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి

నమస్కారం అండీ. స్విట్జర్లాండ్ కంపెనీ సిగ్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. రైన్ జలపాతం పక్కన నాయ్‌హౌజన్‌లో 1853లో రైలు పెట్టెలు చేయడానికి మొదలైన ఫ్యాక్టరీ, కొన్నేళ్లకే సైన్యానికి రైఫిళ్లు చేసే పనిలో పడింది. అంతవరకు బాగానే నడిచింది.

చిక్కంతా పి210 పిస్టల్ దగ్గర. ఫ్రాన్స్‌లో పనిచేసిన చార్లెస్ పెటర్ డిజైన్ మీద హక్కులు కొని, దాన్ని మెరుగుపరిచారు. 1949లో స్విస్ సైన్యం తీసుకుంది. మామూలుగా స్లైడ్ (పేల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం) ఫ్రేమ్‌కి (పిడి ఉండే కింది భాగం) బయటి నుంచి పట్టుకుని కదులుతుంది కదా, ఇందులో ఫ్రేమ్ లోపలి పట్టాల మీద జరుగుతుంది. గురి అంత బాగా కుదరడానికి ఇదే కారణమా, లేక తయారీలో చూపిన శ్రద్ధా? నాకైతే రెండోదే ఎక్కువనిపిస్తోంది. తేడా వివరంగా చెప్పగలరా?

రెండోది, సిగ్ స్విస్ సైన్యానికి చేసిన స్టర్మ్‌గెవేర్ 57 రైఫిల్. చలికి మందపాటి గ్లౌజులు వేసుకున్నా నొక్కేలా, పక్కకి మడిచిపెట్టే పొడవాటి ట్రిగ్గర్ ఒకటి ఇచ్చారట. భలే ఆలోచన! దాని దగ్గరి ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

2000లో సిగ్ ఆయుధాల విభాగాన్ని అమ్మేసింది. మన సైన్యం కొన్న సిగ్ 716 రైఫిళ్లు అమెరికాలోని సిగ్ సావర్‌వి. కాబట్టి పాత స్విస్ సిగ్, ఈ అమెరికా సిగ్ సావర్ రెండూ ఒకటే అనే జవాబులు దయచేసి వద్దు.

జూరిక్ వైపు ఉండే తెలుగువాళ్లెవరైనా ఈ పాత తుపాకులు చూడగలిగే మ్యూజియం పేరు చెప్పినా చాలు.