కొత్త కారులో డిఫెక్ట్: బండే మార్చమని పట్టుబట్టాలా, రిపేర్‌తో సరిపెట్టుకోవాలా?

ఓరుగల్లు_డ్రైవ్: దసరాకి ఆటోమేటిక్ తీసుకున్నాం. ట్రాఫిక్‌లో స్లోగా పోతుంటే ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడు బండి మొత్తం గడగడ వణుకుతోంది, సర్వీస్‌కి ఇచ్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్ అని పంపేస్తున్నారు, వారం తిరక్కుండా మళ్లీ అదే. బండి మార్చేదాకా వదలొద్దని నాన్న అంటున్నాడు. ఏం చేయమంటారు?

బెజవాడ_మెకానిక్: అన్నా, బండి మార్చడం జరిగే పని కాదు. 2006లో మారుతీ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, వారంటీ అంటే పాడైన పార్ట్ మార్చివ్వడం, కారు మార్చివ్వడం కాదని. క్లచ్ సెట్టో గేర్‌బాక్సో కొత్తది వేయించుకో, ఈఎంఐ కట్టుకుంటూ కోర్టు చుట్టూ ఎక్కడ తిరుగుతావ్.

సీమ_లాయర్: ఆ తీర్పు చూపించి అందర్నీ భయపెట్టేస్తున్నారండీ. పార్ట్ మారిస్తే సరిపోయే చోట అది కరెక్టే, కానీ ఎన్నిసార్లు బాగుచేసినా పోని మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ అని తేలితే డబ్బు వాపసు ఇమ్మని వినియోగదారుల కమిషన్లు ఆర్డర్లు ఇచ్చాయి. తేలాలి, అక్కడే ఉంది అసలు గొడవ. వరంగల్ తమ్ముడూ, నీ జాబ్ కార్డులు, అదే సర్వీస్‌కి ఇచ్చినప్పుడు కంప్లైంట్ రాసే కాగితాలు, తీసి చూడు, నువ్వు చెప్పిన కంప్లైంట్ నీ మాటల్లోనే రాశారా లేక "జనరల్ చెకప్" అని కొట్టేశారా? అలా రాస్తే సంతకం పెట్టకు, సర్వీస్ అడ్వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వణుకు వచ్చే రోడ్డు మీదే టెస్ట్ డ్రైవ్ చేయించి అది కార్డులో రాయించు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద బండిని టెస్టింగ్‌కి పంపమని కమిషన్‌ని అడగొచ్చు, ఎక్స్‌పర్ట్ రిపోర్ట్ లేకే చాలా కేసులు పోతున్నాయి.

బెజవాడ_మెకానిక్: కాగితం మీద బానే ఉంటదండీ. మూడు నెలల్లో, టెస్టింగ్ ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, తేలుతోందా? వాయిదాలేగా. ఈలోపు బండి నడిపితే వాడుతూనే ఉన్నాడుగా అంటారు, ఆపితే బ్యాటరీ చస్తది.

సీమ_లాయర్: లేటవుతుంది, కాదనను. అలాగని ఊరుకుంటే కేసు వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు కూడా దాటిపోతుంది, వాళ్లు లాగేది దానికోసమే. ముందు డీలర్‌కీ కంపెనీకీ ఇద్దరికీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వు, ఒక్క డీలర్‌నే పట్టుకుంటే తయారీ లోపం మాది కాదంటాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టు. కమిషన్‌కి పోవాలంటే మీ హన్మకొండలోనే వేసుకోవచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి పోనక్కర్లేదు, పది నుంచి ఇరవై లక్షల బండికి ఫీజు 400 రూపాయలే.

ఓరుగల్లు_డ్రైవ్: కార్డులు ఇప్పుడే తీసి చూశా అన్నా, రెండింటిలో "నాయిస్ చెక్డ్, ఓకే" అని ఉంది, వణుకు మాటే లేదు. సోమవారం పోయి ముందు అది రాయిస్తా, బండి అడగాలా పార్ట్ అడగాలా అన్నది ఆ టెస్ట్ డ్రైవ్ అయినంక చెప్తా.