రొటేట్, రివాల్వ్: రెండూ ఒకటేనా, వేరా? ఎవరైనా చెప్పండి సామీ

కావలి కుర్రోడు:
పొద్దుట్నుంచి దీని మీదే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. రొటేట్‌కీ రివాల్వ్‌కీ తేడా ఏంది? డిక్షనరీ తీస్తే రెండిటికీ తిరుగు, పరిభ్రమించు అనే ఉంది. ఈ ఇంగ్లీషు రాసినోడేమో ఒకచోట రొటేషన్ అంటాడు, రెండు లైన్ల కింద రెవల్యూషన్స్ అంటాడు, రెండూ ఒకేదాని గురించి. ఫోన్‌లో కొడితే విప్లవం అని వస్తోంది, నిమిషానికి ఇన్ని విప్లవాలంట! రేపు ఇచ్చేయాలి, తెలిసినోళ్లు త్వరగా చెప్పండి.

ముక్కుసూటి:
తన చుట్టూ తాను తిరిగితే రొటేట్. ఇంకోదాని చుట్టూ తిరిగితే రివాల్వ్. బడి పుస్తకంలోనే ఉంది.

ఒంగోలు మాస్టారు:
భ్రమణం, పరిభ్రమణం అని చక్కటి మాటలు ఉండగా ఈ తికమక దేనికి బాబూ. భూమి తన అక్షం మీద ఒకసారి తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలు, అది భ్రమణం. 24 గంటలు కదా అని అందరూ అంటారు, కానీ అది సూర్యుణ్ని బట్టి వేసే లెక్క. భూమి తిరుగుతూనే తన కక్ష్యలో కాస్త ముందుకు జరుగుతుంది కాబట్టి సూర్యుడు మళ్లీ నడినెత్తికి రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. సూర్యుడి చుట్టూ 365 రోజుల ఆరు గంటల చిల్లర, అది పరిభ్రమణం. చంద్రుడికి రెండూ సుమారు 27.3 రోజులే, అందుకే మనకు ఎప్పుడూ ఒకే ముఖం కనపడుతుంది. భూభ్రమణం సంగతి ఆర్యభటుడు 499లోనే చెప్పాడు, మన పిల్లలకి ఎవరు చెప్తున్నారు?

చిన్నబజారు:
మాస్టారూ, అంత దూరం పోవడమెందుకు. రంగనాయకుల గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తే రివాల్వ్, నిలబడ్డ చోటే ఆత్మప్రదక్షిణ చేసుకుంటే రొటేట్. పొర్లుదండాలు పెడితే రెండూ 😀

రైల్వే రిటైర్డ్:
అందరూ ఒప్పేసుకుంటున్నారు గానీ, రివాల్వింగ్ కుర్చీ దేని చుట్టూ తిరుగుతుందండీ? ఉన్నచోటే కదా తిరిగేది. ఆర్‌పీఎంలో ఆర్ అంటే రెవల్యూషన్సే, మరి ఇంజన్ షాఫ్టు ఏ సూర్యుడి చుట్టూ పోతోంది? స్టీమ్ ఇంజన్ల కాలంలో బిట్రగుంట షెడ్డులో టర్న్‌టేబుల్ మీద ఇంజన్‌ని ఎక్కించి తిప్పేవాళ్లు, దాన్ని రొటేట్ అన్నా రివాల్వ్ అన్నా ఎవరూ తప్పు పట్టరు. మామూలు ఇంగ్లీషులో రివాల్వ్ రెండు రకాలకీ చెల్లుతుంది. మాస్టారు చెప్పిన గీత ఆకాశంలో గ్రహాలకు గీసుకున్నది. ఇంకోటి, డ్యూటీలు రొటేషన్‌లో వేస్తారు, అక్కడ తిరగడం కాదు, వంతులు మారడం. అక్కడ రివాల్వ్ పెడితే నవ్వుతారు.

ఒంగోలు మాస్టారు:
వాడుకలో ఉన్నంత మాత్రాన ఒప్పవుతుందా? పరీక్షలో అట్లా రాస్తే మార్కులు పోతాయి.

రైల్వే రిటైర్డ్:
ఆ అబ్బాయి పరీక్ష అని ఎక్కడన్నాడు సార్?

అల్లూరు చెరువులు:
అదే నేనూ అడగబోతున్నా. తమ్ముడూ, నువ్వు రాసేది దేని గురించి? ముందు అది చెప్పు.

కావలి కుర్రోడు:
ఏరియేటర్ మాన్యువల్ అన్నా, రొయ్యల చెరువులో ఫ్యాన్లతో నీళ్లు చిలికి గాలి కలిపే మిషను. మాకు తెలిసినాయన షాపులో ఇస్తారంట, తెలుగు చేసి ఇమ్మన్నాడు. దేని గురించైతే ఏంది, తిరిగేది తిరిగేదే కదా. ఒకచోట రొటేషన్ డైరెక్షన్ చూసుకోమన్నాడు, ఇంకోచోట రెవల్యూషన్స్ పర్ మినిట్ 1440 అని ఉంది.

అల్లూరు చెరువులు:
ఓరి నీ... ఇది మొదటే చెప్పుంటే భూమీ చంద్రుడూ తప్పేవి. మొదటిదానికి "మోటారు తిరిగే దిశ" అని రాయి. రెండోదానికి "నిమిషానికి 1440 చుట్లు", అంతే. అది మోటారు స్పీడు, గేర్‌బాక్స్ దాటి ఫ్యాన్ల దగ్గరికొచ్చేసరికి వంద దరిదాపుల్లోకి పడిపోతుంది, కాబట్టి ఏది ఎక్కడిదో విడివిడిగా రాయి, లేకపోతే ఫ్యాన్లు మెల్లగా తిరుగుతున్నాయని షాపు మీదికి పోతారు. త్రీఫేజ్ అయితే ఉల్టా తిరుగుతున్నప్పుడు కరెంటు పూర్తిగా ఆపి మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చాలి. ఆ లైను ఇంగ్లీషులో లేకపోయినా నువ్వు పెట్టు, జనానికి కావాల్సింది అదే.

ఒంగోలు మాస్టారు:
"చుట్లు" అంటే మరీ నాటుగా లేదూ? నిమిషానికి 1440 భ్రమణాలు అనొచ్చు.

అల్లూరు చెరువులు:
భ్రమణాలు అని రాస్తే మా చెరువు కాడ కుర్రోళ్లు పేజీ తిప్పేస్తారు సార్.

రైల్వే రిటైర్డ్:
చూశారా మాస్టారూ, రెవల్యూషన్స్‌కి మీరే భ్రమణాలు అన్నారు. పరి ఎక్కడ పోయింది?

ముక్కుసూటి:
మళ్లీ మొదలు.

కావలి కుర్రోడు:
చుట్లు అనే రాసేశా. థ్యాంక్స్ అన్నా.

అల్లూరు చెరువులు:
సరే. గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్ని గంటలకి మార్చాలో అందులో ఏమన్నా రాశాడా? ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టు.