వరంగల్ చుట్టుపక్కల మౌంటెన్ బైక్ తొక్కాలంటే ఎటు పోవాలి?

హన్మకొండ_గేర్లు
అందరికీ నమస్తే. నేను ఉండేది నయీంనగర్. దసరాకు హార్డ్‌టెయిల్ ఒకటి కొన్నా, అంటే ముందు మాత్రమే షాక్ అబ్జార్బర్ ఉన్న మౌంటెన్ బైక్. ముందు ఫోర్కు 100 మిల్లీమీటర్లు అణుగుతది, 29 ఇంచుల చక్రాలు. ఇప్పటిదాకా భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట, ఖిలా వరంగల్... అంతా రోడ్డు మీదే. యూట్యూబ్‌లో బైక్ పార్కులు చూస్తుంటే మాత్రం కాళ్ళు ఊరుకోవట్లేదు. రోప్‌వే మీద సైకిల్ పైకి పోతది, అక్కడి నుంచి మలుపులు తిరుగుతూ కిందికి రావడమే. మన దగ్గర గుట్టలకేం తక్కువ? అట్లాంటి పార్కు ఏమన్నా ఉందా? లేకుంటే ఏ గుట్టకు పోవాలి? ఒక్కణ్ణే పోవచ్చా? "ఇంత పైసలు పెట్టి కొన్నది రాళ్ళలో తొక్కడానికా" అని మా అమ్మ రోజూ అడుగుతోంది.

కాజీపేట_లోకో
తమ్మీ, పార్కు లేదు. ఉత్తర తెలంగాణ మొత్తంలో సైకిల్ కోసమే వేసిన గుట్ట బాట ఒక్కటి కూడా నా కంట పడలేదు. ఉన్నవి గొర్ల బాటలు, ఎడ్లబండ్ల బాటలు, కాలువ గట్లు. వాటి మీద తొక్కడం నేర్చుకుంటే రోప్‌వే గుర్తుకు రాదు.

ముందు లెక్క చూడు. బాట సగటు వాలు 10 శాతం దాటకుండా చూసుకోవాలని సైకిల్ బాటలు వేసేవాళ్ళ పద్ధతి. అంటే 100 మీటర్ల గుట్టకు కిలోమీటర్ బాట. మన గుట్టలు చాలావరకు అంతకు అటూ ఇటూ. కిలోమీటర్ దిగడానికి ఎంతసేపు? రెండు మూడు నిమిషాలు. దానికోసం రోప్‌వే ఎవడు కడతాడు? మన నేల దిగుడుకు కాదు, గుట్ట చుట్టూ తిరగడానికి బాగుంటది. క్రాస్ కంట్రీ అంటారే, అది. నీ హార్డ్‌టెయిల్‌కు కూడా అదే సరి.

మొదట ధర్మసాగర్ వైపు పో. దేవాదుల నీళ్ళు వచ్చి పడే రిజర్వాయర్ అది. దాన్ని దాటి దేవనూరు, ఇనుపరాతి గుట్టల దిక్కు తిరిగితే ఊళ్ళ మధ్య చెలకల్లో ఎర్ర మొరం బాటలు దొరుకుతయి. గుట్టల మీదిది మాత్రం ఫారెస్ట్. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ను అడగకుండా లోపలికి పోవద్దు. అడిగితే చాలాసార్లు మంచిగనే మాట్లాడతారు, అగ్గిపెట్టె మాత్రం తీసుకుపోవద్దంటారు.

అక్కడ నేర్చుకోవాల్సింది ఒక్కటే: బండ మీద మొరం. రాయి నున్నగా ఉంటది, దాని మీద శనగగింజలంత కంకర పరుచుకొని ఉంటది. దాని మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం కింద కంకర దొర్లుతది, హ్యాండిల్ నీ మాట వినదు. అందుకని బండ రాకముందే స్పీడు తగ్గించు. బండ మీద బ్రేకు వదిలెయ్. పెడళ్ళు రెండూ నేలకు సమానంగా పెట్టు, నడుము సీటు వెనక్కి జరుపు, చూపు చక్రం ముందు కాకుండా బాట ఎటు తిరుగుతదో అటు పెట్టు. మళ్ళీ మట్టి తగిలినంక బ్రేకు పట్టు. చిన్న బండ చూసుకొని దాని మీదే ఒక పొద్దంతా ఎక్కు, దిగు. కొత్త బాట కోసం ఉరకకు.

ఇగ ముళ్ళు. వీడియోల్లో ఎవడూ చెప్పడు కానీ మన దగ్గర సగం సైక్లింగ్ అదే. సర్కారు తుమ్మ ముల్లు టైరును, ట్యూబును ఒకేసారి దాటుతది. ఎండాకాలం రాకముందే పల్లేరుకాయలు ఎండి బాట నిండా పడి ఉంటయి. ట్యూబులు పెట్టుకొని పోతే రోజంతా పంక్చర్లు వేసుకుంటూ కూర్చోవాలి. రిమ్ ఒప్పుకుంటే ట్యూబ్‌లెస్‌కు మారు, లోపల సీలెంట్ పోయించు, చిల్లులను అదే మూసే ద్రవం. ముల్లు దిగితే పీకేసి ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పు. తెల్లగా కాసేపు బుసబుసమంటది, ఆగుతది. మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండుతది, డబ్బా మీద రాసిన గడువు నమ్మకు. రెండు నెలలకోసారి వాల్వు తీసి చూసుకో.

ఖిలా వరంగల్ దిక్కు పోతున్నా అన్నవు కాబట్టి ఒక మాట. మట్టికోట వాలు చూస్తే ఎవరికైనా చక్రం ఎక్కించాలనిపిస్తది. ఎక్కించకు. కాకతీయుల నాటి కట్టడం అది, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చక్రం గీసిన గాడిలోకి వాన నీళ్ళు దిగితే మట్టి కోసుకుపోతది. పద్మాక్షి గుట్ట కూడా అంతే, దర్శనానికి నడిచి ఎక్కు.

కార్డిఫ్_తెలుగు
లోకో అన్న లెక్క సరైందే కానీ ఒక సంగతి కలుపుతా. మాది పరకాల, ఇప్పుడు వేల్స్‌లో ఉంటున్నా. ఇక్కడికి గంటలోపు దూరంలో మెర్థిర్ టిడ్‌ఫిల్ అనే ఊరుంది. ఒకప్పుడు ఇనుప కొలుములు, బొగ్గు గనులు. అవన్నీ మూతపడ్డ లోయ. దాని పక్క గెథిన్ అడవిలో 2013లో బైక్‌పార్క్ వేల్స్ తెరిచారు. కొండ ఎత్తు 491 మీటర్లు. రోప్‌వే లేదు. వ్యాన్ వెనక ట్రైలర్‌లో సైకిళ్ళు కట్టి పైకి తీసుకుపోతారు, తొక్కుకుంటూ ఎక్కేవాళ్ళకు టికెట్ వేరే. బాటలకు రంగులు ఉంటాయి: పచ్చ అంటే కొత్తవాళ్ళకు, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. కెర్మిట్ అనే పచ్చ బాట కొండ పైనుంచి కింది దాకా వస్తుంది, మా పాప కూడా దిగింది.

అక్కడ చూసి నేర్చుకోవాల్సింది వ్యాన్ కాదు, నీళ్ళు. వేల్స్‌లో వాన ఆగదు. అయినా బాట కొట్టుకుపోదు. దిగుతున్న బాటను మధ్యమధ్య కొంచెం పైకి లేపుతారు, నీళ్ళు అక్కడ ఆగి పక్కకు జారిపోతాయి. మన గొర్ల బాట గుట్ట మీంచి నిటారుగా దిగుతుంది, అందుకే రెండు వానాకాలాలకు వాగయిపోతుంది. పైగా ఆ పార్కు ఉన్నది సర్కారు అడవిలోనే. ఇక్కడి అటవీ సంస్థ ఒప్పుకొని ఇచ్చింది. భూపాలపల్లి, గోదావరిఖని మీదుగా పోయినప్పుడల్లా ఆ ఓబీ డంపులు (బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గుట్టలు) చూసి నాకు ఇదే ఆలోచన.

భూపాలపల్లి_సెకండ్‌షిఫ్ట్
ఆలోచన మంచిదే సార్. కానీ ఇప్పుడైతే ఓబీ డంపు దగ్గరికి పోతే సెక్యూరిటీవాళ్ళు సైకిల్‌తో సహా వెనక్కి పంపుతారు, పంపాలి కూడా. ఆ మట్టి ఇంకా కుదురుకోలేదు, పైన డంపర్లు తిరుగుతుంటయి.

మా దిక్కు రావాలనుకుంటే రేగొండ దగ్గర పాండవుల గుట్ట చూడు తమ్ముడూ. ఇసుకరాయి, హన్మకొండ బండలాగా ఉండదు, పొద్దున మంచు పడితే జారుతది. పాత బొమ్మలున్న గుహల దగ్గరికి సైకిల్ అసలు తేవద్దు. కింద నిలిపి నడిచిపో. తాడ్వాయి, ఏటూరునాగారం అయితే అభయారణ్యం, అనుమతి లేకుండా అడవిలోకి పోతే కేసే. మేడారం పోయే తారు రోడ్డు మీద ఎంతైనా తొక్కు.

ఒక్కణ్ణే పోవచ్చా అని అడిగినవు. పోవద్దు. ఎలుగుబంటి సంగతి తర్వాత, దానికంటే నాకు కరెంటు తీగలంటే భయం. అడవి పందుల కోసం కొందరు చేన్ల చుట్టూ దొంగతనంగా తీగ లాగి రాత్రికి కరెంటు పెడతరు. మోకాలెత్తులో సన్నని తీగ, గడ్డిలో కనబడదు. మనుషులు పోయినరు దానివల్ల. పూర్తిగా తెల్లారినంకనే చేన్ల వెంట కదులు, పొద్దుగూకేలోపు రోడ్డెక్కు. బాటలో రైతు కనబడితే ఆగి "అన్నా, ఇటు తీగలేమన్నా ఉన్నయా" అని అడుగు. ఎవరూ తప్పు పట్టరు.

హన్మకొండ_గేర్లు
అందరికీ థ్యాంక్స్. తీగల సంగతి మాత్రం అమ్మకు చెప్పను. వానాకాలంలో పోవచ్చా? ట్యూబ్‌లెస్ కోసం రిమ్ లోపల అతికించే టేపు ఏ సైజు తీసుకోవాలి?

కాజీపేట_లోకో
ఎర్ర నేలయితే వాన వెలిసిన మర్నాడే తొక్కొచ్చు. పత్తి చేన్ల రేగడిలోకి మాత్రం దిగకు. టైరుకూ ఫోర్కుకూ మధ్య మట్టి ఇరుక్కొని చక్రమే తిరగదు, సైకిల్ భుజాన వేసుకొని రావాలి. సెప్టెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మంచి కాలం.

టేపు కొనే ముందు రిమ్ లోపలి వెడల్పు కొలువు. దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెడల్పు ఉండాలి. వేసే ముందు రిమ్‌ను స్పిరిట్‌తో తుడువు, లేకపోతే అంచుల దగ్గర లేస్తది. రిమ్ మీద ఏం రాసి ఉందో ఫొటో పెట్టు, ట్యూబ్‌లెస్‌కు పనికొస్తదో లేదో చూసి చెప్తా.